గ్రహదృష్టియు మనోవ్యాధియు

శరీరమునకు జబ్బు చేసిన వైద్యుని పిలుతురు. మనస్సునకు జబ్బు చేసిన జాతకము తీయుదురు. చదువుకొన్న ఇండ్లలోను, పరాయి ప్రాంతములలో స్థిరపడి రెండు మూడు భాషలలో లెక్కలు వ్రాయగల వర్తక కుటుంబములలోను ఈ అలవాటు నేటికిని పోలేదు. కుమారునకు జ్వరము తగిలినపుడు ఏ దశ నడచుచున్నదని ఎవరును అడుగరు. అదే కుమారుడు రాత్రులు నిద్ర లేక తనలో తాను మాటలాడుకొనుచు, కొట్టునకు వచ్చిన బేరగాండ్రందరును తన్ను గురించియే గుసగుసలాడుచున్నారని అనుమానపడినపుడు, మొట్టమొదట బీరువాలోనుండి బయటకు వచ్చునది జన్మపత్రిక. ఒకే దేహమందలి రెండు రోగములకు రెండు దారు లెందుకు ఏర్పడినవి? రెండవ దారి జినధర్మమునకు ఒప్పునా? లెక్కకు నిలుచునా? ఆ దారిని పోవుటవలన రోగికి మేలు కలుగుచున్నదా, కీడు కలుగుచున్నదా? ఈ ప్రశ్నలను ఇంటిలో ఆపద లేని దినములలోనే విచారించుట మంచిది. ఆపద వచ్చిన దినమున విచారమునకు తీరిక యుండదు.

జాతకము చెప్పునది

జ్యోతిషమున చంద్రుడు మనఃకారకుడు, బుధుడు బుద్ధికారకుడు. చంద్రుడు శనితో కలిసినను, చంద్రునిపై శని దృష్టి పడినను మనస్సు క్రుంగుననియు, రాహుకేతువులతో కలిసిన భ్రమలు, భయములు పుట్టుననియు, లగ్నమునుండి 6, 8, 12 స్థానములలో చంద్రుడుండిన చిత్తస్థైర్యము తగ్గుననియు చెప్పుదురు. లగ్నమున గురుడు, సప్తమమున కుజుడు ఎదురెదురుగా నుండి ఒకరి నొకరు చూచుకొనిన ఉన్మాదయోగమందురు. ఇక్కడ చూపు అనగా రాశుల లెక్క. ప్రతి గ్రహమును తానున్న రాశినుండి 7వ రాశిని చూచును. అంతేకాక కుజునకు 4, 8 రాశులపైనను, గురునకు 5, 9 రాశులపైనను, శనికి 3, 10 రాశులపైనను విశేషదృష్టి కలదని శాస్త్రము.

ఈ నమ్మకము ఒక్క భారతదేశపు సొత్తు కాదు. ఆంగ్లమున ఉన్మాదమునకు గల లూనసీ అను పేరు చంద్రుని లాటిను పేరైన లూనా నుండి పుట్టినది. బ్రిటిషు ప్రభుత్వము 1912లో చేసిన చట్టమునకే ఇండియన్ లూనసీ యాక్టు అని పేరు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టము 1993లో అమలులోనికి వచ్చువరకు ఈ దేశపు కోర్టులలో సయితము రోగి పేరు ప్రక్కన చంద్రుని పేరు నిలిచియే యున్నది. తెలుగున గ్రహపాటు, గ్రహచారము అను మాటలు నిత్యము వినబడుచునే యున్నవి. అమావాస్యకు పిచ్చి ముదురునని పెద్దలందురు. దీపావళి అమావాస్యనాడే వర్ధమాన మహావీరుడు నిర్వాణము నొందెనని దీపములు పెట్టు ఇండ్లలోను ఈ మాట అనుచుండుట గమనింపదగినది.

గ్రహములు కారణములా?

జైన సిద్ధాంతమున సూర్యచంద్రులు, గ్రహములు, నక్షత్రములు, తారకలు అను ఐదు విధములవారు జ్యోతిష్క దేవతలు. ఉభయ సంప్రదాయములవారికిని ప్రమాణమైన తత్త్వార్థసూత్రము నాలుగవ అధ్యాయమున వీరి ప్రస్తావన కలదు. మనుష్యలోకమున వీరు మేరువు చుట్టును తిరుగుచుందురనియు, వీరి గమనమువలన కాలవిభాగ మేర్పడుననియు అచ్చట చెప్పబడినది. కాలమును విభజించుట వీరి వలన జరుగు పని. సుఖదుఃఖములను పంచిపెట్టు అధికారము వీరికి కలదని ఆ సూత్రములలో లేదు.

ఇంకొక సంగతి కలదు. ఈ దేవతలును సంసారులే. వారికిని ఆయువు కలదు, కర్మబంధము కలదు. ఆయువు తీరిన మరియొక గతికి పోవలసినవారే. తన కర్మమునుండి తానే విడివడలేని జీవుడు ఇంకొక జీవుని కర్మమును ఎట్లు వ్రాయగలడు? శని యను జ్యోతిష్కదేవుడు బెంగుళూరులోనో, బరంపురములోనో ఒక కుఱ్ఱవాని చిత్తమును చెరపుటకు పూనుకొనెననుట ఆ కుఱ్ఱవానియందే కాదు, శనియందును అన్యాయము. ప్రతి జీవుని సుఖదుఃఖములకు ఉపాదానము ఆ జీవుడే; ఇతరము లన్నియు నిమిత్తములు.

కొందరు జైన కుటుంబములలో శనివారమున మునిసువ్రతస్వామిని, సోమవారమున చంద్రప్రభస్వామిని పూజించు ఆచారము కలదు. భక్తికి అడ్డు చెప్పవలసిన పని లేదు. అయితే తీర్థంకరుడు వీతరాగుడు. ఆయన ఒకరిపై ప్రసన్నుడై శనిని మందలించడు, ఇంకొకరిపై కోపించి విడిచిపెట్టడు. పూజవలన పూజించువాని కషాయములు శమించును. కలతపడిన ఇంటిలో తల్లిదండ్రుల మనస్సు కుదుటపడును. అది చిన్న లాభము కాదు. కాని దానిని గ్రహశాంతి యనుకొని రోగికి మందు మానిపించిన, పూజ అర్థమును తప్పుగా గ్రహించినట్లే.

జైనాచార్యులు నిమిత్తశాస్త్రము నెరుగనివారు కారు. ఆ శాస్త్రమున గ్రంథములు వ్రాసినవారును కలరు. అయినను శ్వేతాంబర ఆగమములలోని ఉత్తరాధ్యయన సూత్రము, శరీరలక్షణములు, స్వప్నములు మొదలగువానికి ఫలము చెప్పి బ్రతుకువారిని శ్రమణులుగా అంగీకరింపలేదు. భయపడిన గృహస్థుని భయముపై జీవనము సాగింపరాదని సాధువులకు విధించిన నియమమిది. సాధువునకు కూడనిది ఇతరులు చేసిన ధర్మ మెట్లగును?

సూచనలా?

ఇచ్చట జ్యోతిష పండితుడు ఒక మాట చెప్పును. గ్రహములు కారణములు కావు, సూచనలు మాత్రమే. గడియారము పది గంటలను తయారు చేయదు, పది గంటలైనదని చూపును. గ్రహమును అట్లే చూపును అనును. ఇది తీసివేయదగిన మాట కాదు. సూచన యన్నపుడు దానిని పరీక్షించుటకు వీలు కలుగుచున్నది. గడియారము సరిగా నడచుచున్నదో లేదో చూచినట్లే దీనిని చూడవచ్చును.

లెక్క జైనులకు క్రొత్త కాదు. 9వ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహము రచించెను. 11వ శతాబ్దమున పావులూరి మల్లన దానిని తెనిగించెను. తెలుగున గణితమునకు ఆది యట్లు ఒక జైనగ్రంథమువలన కలిగినది. కావున ఈ యోగములను ఒకసారి లెక్కవేసి చూచుట తప్పు కాదు.

చంద్రుడు సుమారు 27⅓ దినములలో 12 రాశులను చుట్టివచ్చును. ఒక్కొక్క రాశిలో సుమారు 2¼ దినము లుండును. శని తానున్న రాశి, తాను చూచు 3, 7, 10 రాశులు కలిపి నాలుగు రాశులు. అనగా నెలకు 9 దినములు చంద్రుడు శనితో కలిసియో, శనిచేత చూడబడియో యుండును. ఆ 9 దినములలో లోకమున పుట్టిన శిశువు లందరికిని ఈ దోషము తగులును. రాహుకేతువు లుండు రెండు రాశులకు 4½ దినములు. 6, 8, 12 స్థానములకు దినమునకు ఇంచుమించు 6 గంటలు. ఈ మూడింటిలో ఏదియో ఒకటి తగిలినవారు పుట్టినవారిలో సగమునకు తక్కువ కారు.

ఏలినాటి శని సంగతియు ఇంతే. శని రాశికి 2½ సంవత్సరముల చొప్పున మూడు రాశులలో 7½ సంవత్సరము లుండును. మొత్తము చుట్టు సుమారు 30 సంవత్సరములు. కావున ఏ దినమున చూచినను జనులలో ఇంచుమించు నాలుగవ వంతు ఏలినాటి శనిలో నుందురు. ముప్పది యేండ్లు నిండిన ప్రతివాడును ఒకసారి దానిని దాటియే యుండును.

ఇంక రోగుల లెక్క. స్కిజోఫ్రీనియా యను తీవ్రమైన మతిభ్రమ వ్యాధి లోకమున సుమారు 300 మందిలో ఒకరికి కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దిగులు, భీతి, మద్యపు వ్యసనము మొదలు అన్ని మనోవ్యాధులను కలిపినను, బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015–16లో నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి కొంచెము పైగా తేలిరి. నూరు బస్తాలలో యేబదింటిపై పాడుసరుకని ముద్ర వేసి, వానిలో కొన్ని పాడుకాగానే ముందే చెప్పితిని గదా యను దలాలి మాటను ఏ వర్తకుడు నమ్మును? ముద్ర పడియు బాగుగా నున్న బస్తాలెన్ని, ముద్ర పడకయే పాడైనవెన్ని యని అతడు అడుగక మానడు. జాతకము విషయమున ఈ రెండవ ప్రశ్న ఎవరును అడుగరు. బాగుగా నున్నవాని జాతకమున ఉన్మాదయోగమును వెదకుటకు ఎవరును రూపాయి ఖర్చు పెట్టరు గదా!

ఒక్క యోగమును పట్టుకొని చెప్పరాదు, జాతకము నంతటిని తూచి చూడవలెనని పండితుడు మరల చెప్పవచ్చును. అట్టి పరీక్షయు జరిగినది. ప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్, ఆయన సహచరులు 2008లో మహారాష్ట్రలో 100 మంది తెలివైన విద్యార్థుల జాతకములను, 100 మంది బుద్ధిమాంద్యము గల పిల్లల జాతకములను సేకరించిరి. ఏది ఎవరిదో చెప్పక, ఒక్కొక్క జ్యోతిష్కునకు 40 జాతకముల చొప్పున పంపి వేరుచేయుమనిరి. 27 మంది జవాబులు పంపిరి. వారి సగటు నూటికి 46 సరియైనవి. జ్యోతిష సంస్థ ఒకటి 200 జాతకములను చూచి 102 సరిగా చెప్పినది. నాణెము ఎగురవేసి చెప్పినను సుమారు సగము సరిపోవును. బుద్ధిమాంద్యము వేరు, ఉన్మాదము వేరన్నది నిజమే. కాని బుద్ధికారకుడును, మనఃకారకుడును జన్మమునుండియు ఉన్న లోపమునే చూపలేనపుడు, ఇరువదవ యేట రాబోవు రోగమును చూపునని ఎట్లు నమ్ముట?

అమావాస్య, పున్నముల మాటయు పరిశీలింపబడినది. చంద్రకళలకును మతిభ్రమకును సంబంధమును వెదకిన 37 పరిశోధనలను 1985లో రాటన్, కెల్లీ అను ఇద్దరు పండితులు కలిపి చూచిరి. లెక్కింపదగిన సంబంధ మేదియు వారికి కనబడలేదు.

అయినను అనుభవమున సరిపోవుచున్నదే యని అడుగవచ్చును. అందుకు కారణము రోగముల నడకలోనే కలదు. తీవ్రమైన మనోవ్యాధులు పెక్కు యౌవనమున మొదలగును. కొన్ని హెచ్చుచు తగ్గుచు నుండును. ఉద్రేకము, క్రుంగుబాటు మారిమారి వచ్చు వ్యాధి నెలల తరబడి తగ్గియుండి మరల తిరుగబెట్టును. జాతకమున దశలు, అంతర్దశలు, గోచారములు ఎల్లప్పుడును మారుచునే యుండును. రెండును మారునవే కావున, రోగము హెచ్చినపుడును తగ్గినపుడును ఆ దగ్గరలో ఒక గ్రహపు మార్పు దొరకక పోదు.

ఓదార్పునకు వెల

జాతకము చూపించు తల్లిదండ్రులు మూఢు లనుట సులభము. అది న్యాయము కాదు. వారికి జాతకము మూడు మేళ్ళు చేయుచున్నది. మొదటిది, పిచ్చి అను కఠినమైన మాట అనవలసిన పని లేకుండ రోగమునకు ఒక పేరిచ్చుచున్నది. రెండవది, తప్పు పిల్లవానిది కాదు, పెంచినవారిది కాదు, శనిది అని చెప్పి సిగ్గు తీర్చుచున్నది. మూడవది, వచ్చే సంవత్సరము ఫలానా నెలలో దశ మారునని ఒక గడువు చూపుచున్నది. గడువు తెలియని దుఃఖము కంటె గడువు తెలిసిన దుఃఖము తేలిక. నడిరాత్రి కొడుకు గదివద్ద చెవియొగ్గి నిలుచు తల్లికి ఈ మూడును ఎంత అవసరమో అనుభవించినవారికే తెలియును.

కాని ఈ ఓదార్పునకు వెల కలదు. ఆ వెలను చెల్లించునది రోగి. శని పోయిన తరువాత చూతములే యని గడపిన రెండేండ్లలో రోగము ముదురును. చదువు పోవును, పని పోవును, స్నేహితులు పోవుదురు. మతిభ్రమ వ్యాధికి చికిత్స ఎంత తొందరగా మొదలుపెట్టిన అంత మేలని వైద్యులు చెప్పుచున్నారు. ఆ 2015–16 సర్వేలోనే, మనోవ్యాధులలో రోగమును బట్టి నూటికి 70 మొదలు 92 వరకు రోగులకు చికిత్స అందుటలేదని తేలినది. ఈ లోటునకు కారణము లనేకములు. శుభ ఘడియ కొరకు కాచియుండుట వానిలో నొకటి.

రెండవది, రోగము నయమైనను జాతకము మారదు. మందులతో కోలుకొని మరల కొట్టులో కూర్చుండి లెక్కలు సరిచూచుకొను యువకుని నుదుట ఆ యోగము చెరగని వ్రాతగా నిలుచును. చెల్లెలి సంబంధము వచ్చినపుడు అన్న జాతకము ప్రస్తావనకు వచ్చును. రోగమే లేని పిల్లకు గూడ చంద్రశనుల కలయిక యున్నదని సంబంధములు తప్పిపోవును. లెక్క ప్రకారము నెలకు తొమ్మిది దినములలో పుట్టిన వారందరికిని ఉండు కలయిక యిది!

మూడవది సత్యాణువ్రతమునకు సంబంధించినది. ఉన్న రోగమును దాచి, జాతకము కుదిరినదని చెప్పి పెండ్లి చేసినవారు కలరు. జాతకమున దోషము లేదు గదా యని తమకు తాము సమాధానము చెప్పుకొందురు. జైనులకును వర్తించు 1955 నాటి హిందూ వివాహ చట్టము పెండ్లినాటి మానసిక స్థితిని విచారించును, జాతకమును విచారింపదు. రెండు కుటుంబములు కూర్చుండి, ఈ రోగము వచ్చినది, ఈ మందు వాడుచున్నాడు, ఇన్ని సంవత్సరములుగా నెమ్మదిగా నున్నాడు అని దాపరికము లేకుండ మాటలాడుకొనుటయే సత్యము. సరుకులో లోపము దాచి అమ్మరాదని తెలిసినవారికి ఈ నియమము క్రొత్త కాదు.

కర్మ యను మాటతో జాగ్రత్త

గ్రహములను విడిచిన జైనుడు వేరొక గుంటలో పడు అవకాశము కలదు. శని చేసినది కాదు, వాని పూర్వకర్మ వాని ననుభవింపజేయుచున్నది అని చేతులు దులుపుకొనుట అట్టిది. శని పేరు తీసి కర్మ పేరు పెట్టినంత మాత్రమున రోగికి ఒరిగినదేమి? నిజమునకు ఇది మరింత కఠినము. శని యన్నపుడు తప్పు ఆకాశమునకు పోయెడిది. కర్మ యన్నపుడు రోగి తలమీదికే వచ్చినది.

కర్మసిద్ధాంతము ఇట్లు చెప్పదు. అసాతా వేదనీయ కర్మ ఉదయించిన దుఃఖము కలుగునన్నది నిజము. కాని ఆ ఉదయము ద్రవ్యము, క్షేత్రము, కాలము, భావము అను నిమిత్తముల ననుసరించి యుండును. కర్మలకు అపకర్షణము, సంక్రమణము, ఉపశమము మొదలగు అవస్థలు చెప్పబడినవి. బంధించిన ప్రతి కర్మయు బంధించినట్లే ఫలింపవలెనను నియమము లేదు. కాలము, స్వభావము, నియతి, పూర్వకర్మ, పురుషార్థము అను ఐదును కూడినపుడే కార్యము జరుగునని పెద్దలు చెప్పుదురు. వీనిలో నాలుగింటిని రోగిపై మోపి, చేయదగిన ఐదవదానిని ఇంటివారు విడిచిపెట్టుట ఏకాంతము. అనేకాంతము నెరిగినవారికి అది తగదు. విరిగిన కాలునకు కట్టు కట్టించునపుడు ఎవరును కర్మకు అడ్డుపడుచున్నామని భయపడరు. మనస్సునకు మందు ఇప్పించుటయు అట్టిదే.

ఒకని రోగమునకు ఏ జన్మలోని ఏ పాపము కారణమో కేవలజ్ఞానికి తెలియును. అది తెలిసినట్లు రోగి ముందు మాటలాడుట వచనహింస. ఇప్పటికే తన్ను తాను నిందించుకొను క్రుంగుబాటు రోగికి ఆ మాట విషముతో సమానము.

చేయదగినది

వైద్యము జైనమునకు పరాయిది కాదు. ద్వాదశాంగములోని పూర్వములలో ప్రాణావాయ మను పూర్వము వైద్యమునకు సంబంధించినది. ఆ పరంపరలోని ఉగ్రాదిత్యాచార్యుడు కల్యాణకారక మను వైద్యగ్రంథమును రామగిరియందు రచించెను. ఆ రామగిరి నేటి విజయనగరము జిల్లాలోని రామతీర్థమని పలువురు పండితుల అభిప్రాయము. మాంసము, మద్యము, తేనె లేకుండ చికిత్స చేయవచ్చునని ఆయన నిరూపించెను. 1940లో ఆ గ్రంథము షోలాపురమున అచ్చయినది. తెలుగునేలమీద కూర్చుండి ఒక దిగంబర ముని మందులను గూర్చి అంత శ్రద్ధగా వ్రాసియుండగా, నేటి శ్రావకుడు మందును సందేహించుట విచిత్రము.

జైన గృహములు ప్రత్యేకముగా తెలిసికొనదగినవి రెండు సంగతులు కలవు. మొదటిది ఆహారమునకు సంబంధించినది. బి12 అను విటమిను శాకాహారమున తక్కువ. పాలు, పెరుగులలో కొంత యుండును. అది బాగుగా తగ్గినవారికి అరికాళ్ళ తిమ్మిరి, మరపు, దిగులు, ఒక్కొక్కప్పుడు మతిభ్రమయు కలుగవచ్చును. రక్తపరీక్షతో తెలియును, మాత్రలతోనో సూదిమందుతోనో సరిపడును. ఈ విటమినును సూక్ష్మజీవుల పులియబెట్టుటవలన తయారు చేయుదురు. జంతువును చంపి తీయరు. గుళికల పైతొడుగు జెలటినుతో చేసినదై యుండవచ్చును గనుక మాత్రలుగా అడిగి తీసికొనవచ్చును. థైరాయిడ్ గ్రంథి లోపమువలనను ఇట్టి లక్షణములే కలుగవచ్చును. జాతకమున ఎంత వెదకినను ఈ రెండును కనబడవు.

రెండవది ఉపవాసము. పర్యూషణలోను, దశలక్షణ పర్వములోను నీరు సయితము ముట్టని ఉపవాసములు చేయుట ఘనమైన తపస్సు. కాని ఉద్రేకము, క్రుంగుబాటు మారిమారి వచ్చు వ్యాధికి ఇచ్చు లిథియం అను మందు తీసికొనువారు నీరు మానిన, ఆ మందు రక్తమున పెరిగి ప్రాణాపాయము కలుగవచ్చును. నిద్ర తప్పిన ఉద్రేకము తిరుగబెట్టవచ్చును. కావున వైద్యు నడుగక వారికి ఉపవాసము చేయింపరాదు. అట్టివారు స్వాధ్యాయము చేయవచ్చును, రసత్యాగము చేయవచ్చును. శక్తి కొలది తపస్సు చేయవలెననుట శాస్త్రవచనమే. ఉపవాసము చేయలేదని ఇంటి కోడలిని దెప్పి పొడుచుటకంటె ఆమెకు సమయమునకు మాత్ర అందించుట పెద్ద ధర్మము.

రోగము పైనుండి దిగినదని నమ్మినచోట రోగి యేమి కాగలడో తమిళనాడున స్థిరపడినవారు మరువరాదు. 2001 ఆగస్టు 6వ తేదీన రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, ప్రార్థనాస్థలము చెంత మనోరోగులకై నడచిన ఒక ఆశ్రయము తెల్లవారుజామున అంటుకొనినది. గొలుసులతో కట్టబడి యుండుటచే 28 మంది తప్పించుకొనలేక మరణించిరి. వారిని తెచ్చి అచ్చట విడిచిన కుటుంబములు వారికి కీడు తలచినవి కావు. రోగము దానంతట తొలగునని నమ్మి కాచియున్నవి. 2018 మే 29న అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులు వేయుటను నిషేధించినది. దేహరోగములకు వలెనే మనోరోగములకును బీమా ఇయ్యవలెనని బీమా సంస్థలను ఆజ్ఞాపించినది.

వైద్యము దొరకని కాలము కాదు. బెంగుళూరున నిమ్హాన్స్, చెన్నై కీల్పాకులోను, పూనా యెరవాడలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. 2022 అక్టోబరు 10వ తేదీనుండి టెలిమానస్ అను ప్రభుత్వ సహాయము నడచుచున్నది. 14416 అను సంఖ్యకు ఫోను చేసిన తెలుగుతో సహా పలు భాషలలో ఉచితముగా సలహా చెప్పుదురు. ఇంటిలోని వారెవరైనను చావు మాట ఎత్తిన, అది దశ ప్రభావమని విని ఊరకుండరాదు. ఒంటరిగా విడువక ఆ దినమే వైద్యునివద్దకు కొనిపోవలెను.

మందుతో సమానముగా పని చేయునది మనుష్యుల తోడు. అంతరంగ తపస్సులు ఆరింటిలో వైయావృత్త్యము ఒకటి; అనగా రోగులకు, అలసినవారికి సేవచేయుట. సమ్యగ్దర్శనపు ఎనిమిది అంగములలో నిర్విచికిత్స ఒకటి. అనగా దేహపు మాలిన్యమును చూచి ఏవగింపు చెందకుండుట. స్నానము మాని, మాసిన బట్టలతో, అర్థము లేని మాటలాడు మేనల్లుని చూచి ముఖము త్రిప్పుకొనకుండుట కంటె ఈ అంగమునకు వేరు పరీక్ష ఏమి కావలెను? నాలుగు దానములలో ఔషధదానము చెప్పబడినది. గ్రహశాంతికి వ్యయమగు సొమ్ములో సగమైనను ఊరిలోని పేద మనోరోగుల మందులకు ఖర్చయిన ఆ దానము సార్థకమగును.

పంచాంగమును పారవేయవలసిన పని లేదు. అష్టమి, చతుర్దశి వ్రతములకు, పర్వములకు తిథులు కావలెను. వానిని చంద్రుడే చూపవలెను. కాలమును తెలుపుట అతని పని, ఆ పనిని అతడు తప్పక చేయుచున్నాడు. రోగిని చూచు పని గృహస్థునిది. దానిని ఆకాశమునకు అప్పగింపక, పత్రికను బీరువాలోనే యుంచి రోగిని వైద్యునివద్దకు కొనిపోవుటయు, కోలుకొని వచ్చిన దినమున వెనుకటి చోటనే కూర్చుండబెట్టి మరల లెక్కల పుస్తకము చేతికిచ్చుటయు జైన గృహస్థునకు తగిన నడవడి.